మదనపల్లె సూది, కోపెన్‌హేగన్ మందు

మందులకొట్టు పెట్టుకున్నవాడికి ఊరు దాటడమే కష్టం, ఇక సముద్రాలు దాటేదెట్లా? డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు ఏదైనా రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలని చట్టం. ఆ ఫార్మసిస్టు వారం పాటు ఊళ్లో లేకపోతే కొట్టు మూసేయాలి, లేదా మరో ఫార్మసిస్టును కూర్చోబెట్టాలి. మూడో దారి ఒకటుందని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. సర్టిఫికెట్ ఇక్కడ గోడకు వేలాడుతుంటుంది, దాని సొంతదారు ఎక్కడో వేరే ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా దానికి అద్దె తీసుకుంటుంటాడు. మా వృత్తికి పట్టిన చీడల్లో ఇంతకంటే పెద్దది లేదు. మదనపల్లె దగ్గరి నిమ్మనపల్లెలో నా కొట్టుకు ఆ చీడ పట్టించడం ఇష్టం లేక, నాతోపాటు బి.ఫార్మసీ చదివిన స్నేహితుణ్ణి బతిమాలుకున్నాను. "నువ్వు పోయేది ఫోటోలు దిగేదానికే గదప్పా" అని ఎగతాళి చేస్తూనే ఒప్పుకున్నాడు.

నేను పోతున్నది కోపెన్‌హేగన్‌కు. అంతర్జాతీయ ఫార్మాస్యూటికల్ సమాఖ్య, మా వాళ్లందరూ ఎఫ్ఐపీ అని పిలిచేది, ఏటా ఒక దేశంలో ప్రపంచ మహాసభ జరుపుతుంది. 2025లో అది ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 3 వరకు డెన్మార్క్ రాజధానిలో. ఈ సమాఖ్య 1912 సెప్టెంబరు 25న హేగ్ నగరంలో పుట్టింది. ఏటా సెప్టెంబరు 25న ఫార్మసిస్టుల దినమని కాలేజీల్లో ర్యాలీలు తీసి బిస్కెట్లు పంచేది ఆ లెక్కనే. 2011లో ఇదే మహాసభ హైదరాబాదుకు వచ్చింది, హెచ్ఐసీసీలో జరిగింది. మన గడపలోకి వచ్చినప్పుడు పోలేదు గానీ ఇప్పుడు అప్పు చేసి పోతావా అని ఇంట్లో అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఒక కారణం మాత్రం ఉంది. కోపెన్‌హేగన్ అనే పేరు మదనపల్లెకు కొత్త కాదు.

రిజిస్ట్రేషన్ రుసుము యూరోల్లో కట్టాలి. పల్లెటూరి మందులకొట్టుకు అది చిన్న మొత్తం కాదు. వీసాకు ఆదాయపు పన్ను కాగితాలు, బ్యాంకు లెక్కలు, కొట్టు లైసెన్సు నకళ్లు, మహాసభ వాళ్ల ఆహ్వానపత్రం, అన్నీ కలిపి ఒక ఫైలు అయింది. ఆ ఫైలు గురించి ఇంకేమీ చెప్పను. వీసాకు తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, తిరగనివాళ్లకు చెప్పినా నమ్మరు.

వినాయక చవితి పోయి, ఊళ్లో నిమజ్జనాలు జరుగుతున్న రోజుల్లో బయల్దేరాను. మాకు విమానాశ్రయమంటే బెంగళూరే. తిరుపతి, చెన్నై తర్వాతి మాట. మదనపల్లె మార్కెట్ దగ్గర టమోటా లారీలు, మినీ వ్యాన్లు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటిని దాటుకొని చింతామణి మీదుగా దేవనహళ్లి చేరాం. దుబాయిలో విమానం మారాను. ఆకాశంలో జరిగింది ఇంతే.

కోపెన్‌హేగన్ విమానాశ్రయం, మహాసభ జరిగిన బెల్లా సెంటర్, రెండూ ఆమాగర్ అనే ఒకే దీవి మీద ఉన్నాయి. డ్రైవరు లేని మెట్రో. ముందు పెట్టెలో కూర్చుంటే సొరంగం మన మీదికే వస్తున్నట్టుంటుంది. క్రిస్టియన్స్‌హావ్న్‌లో దిగి ఇంకో లైను పట్టుకోవాలి. ఆ లైను పటం చూస్తూ ఉంటే బెల్లా సెంటర్‌కు మూడు స్టేషన్ల ఇవతల ఇస్లాండ్స్ బ్రుగ్గె అనే పేరు కనబడింది. ఆర్టిలెరివై వీధికి దిగాల్సిన స్టేషన్ అదేనని బయల్దేరకముందే చూసిపెట్టుకున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

మహాసభ గురించి ముందు చెప్పేస్తాను. అది పెద్ద జాతర. రోజుకు పది హాళ్లలో ఒకేసారి ప్రసంగాలు నడుస్తుంటే మనం ఏ హాల్లో కూర్చున్నా మిగతా తొమ్మిదీ తప్పిపోయినట్టే. వేదిక మీది ప్రసంగాల్లో సగం మన ప్రభుత్వ సమీక్షా సమావేశాల ధోరణిలోనే సాగాయి: పెద్ద పెద్ద పదాలు, బాణాల గుర్తులు, గుండ్రని బొమ్మలు. అసలు సరుకు పోస్టర్ల వరసల్లో ఉంది. ఒక్కో బోర్డు దగ్గర ఒక్కో దేశపు ఫార్మసిస్టు నిలబడి, తన ఆసుపత్రిలోనో కొట్లోనో చూసింది చెబుతుంటాడు. ఒక నైజీరియా అమ్మాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆమె కష్టాలు వింటుంటే మా మండలంలోని కొట్టు గురించి చెబుతున్నట్టే ఉంది: చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగేవాళ్లు, రెండు రోజుల మాత్రలే కొనుక్కొని పోయేవాళ్లు, పోయిన నెల చీటీని ఈ నెల కూడా చూపించేవాళ్లు. ఆమె అవన్నీ రాసిపెట్టుకుంది. మనవాళ్లు కూడా వచ్చారు, కాలేజీల అధ్యాపకులు, కంపెనీల వాళ్లు. మందులకొట్టు బల్ల వెనక నిలబడే తెలుగువాడు మాత్రం నాకు ఇంకొకడు తగల్లేదు.

పోర్చుగల్, బ్రిటన్, అమెరికా వాళ్లు టీకాల గురించి మాట్లాడుతున్నారు. అక్కడ ఫ్లూ టీకా ఫార్మసిస్టే వేస్తాడు. మన దగ్గర ఆ ఆలోచన చెబితే ముందు డాక్టర్లు ఒప్పుకోరు, తర్వాత జనం నవ్వుతారు. జనం నవ్వడంలో న్యాయముంది. కొట్లో ఉన్నవాడు ఫార్మసిస్టో కాదో తెలియనప్పుడు జబ్బ ఎవరు చాపుతారు?

ఒక సాయంత్రం సెంట్రల్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న స్టెనో అపోటెక్‌కు పోయాను. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే కొట్టు అది. లోపలికి పోగానే టోకెన్ తీసుకోవాలి, మన బ్యాంకులో మాదిరి. నంబరు వచ్చినప్పుడే బల్ల దగ్గరికి పోవాలి. ఒకరి భుజం మీదుగా ఇంకొకరు చీటీ చాపడం అక్కడ లేదు. తలనొప్పికి పారాసెటమాల్ అడిగాను. 500 మిల్లీగ్రాముల మాత్రలు, ఇరవై. అంతకంటే పెద్ద పెట్టె కావాలంటే డాక్టరు చీటీ ఉండాలి. మాత్రలు మింగి ప్రాణాలు తీసుకునేవాళ్లు, లివరు పాడు చేసుకునేవాళ్లు ఎక్కువవడంతో 2013 నుంచి చీటీ లేకుండా ఇచ్చే పెట్టెలో మొత్తం మందు 10 గ్రాములు దాటకూడదని నియమం పెట్టారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మరు. వెంటనే నేను డోలో లెక్క వేశాను. 650 మిల్లీగ్రాముల మాత్రలు, స్ట్రిప్పుకు పదిహేను. మొత్తం 9.75 గ్రాములు. డెన్మార్క్ చట్టం గీసిన గీతకు మన ఒక్క స్ట్రిప్పు కొంచెం ఇవతల ఆగింది. మనవాళ్లు కొనేటప్పుడు మాత్రం "రెండు షీట్లు ఇయ్యన్నా, ఇంట్లో ఉంటాయి" అంటారు, మేమూ ఇస్తాం.

అక్కడ బల్ల వెనక నిలబడేవాళ్లలో ఎక్కువమంది ఫార్మకోనోములు. మూడేళ్ల చదువు, అందులో ఎక్కువ భాగం కొట్లోనే. కొట్టు యజమాని మాత్రం ఫార్మసిస్టే అయి ఉండాలి, ప్రభుత్వం దగ్గర అనుమతి పొంది ఉండాలి. ఇక మందు పేరు సంగతి. డాక్టరు ఒక బ్రాండు రాసినా, అదే మందు చవగ్గా ఏ కంపెనీది ఉంటే అది ఇవ్వజూపడం ఫార్మసీ బాధ్యత. కంపెనీలు ధరలు పద్నాలుగు రోజులకోసారి ప్రకటిస్తాయి. ఈ పక్షం చవకైనది వచ్చే పక్షం చవక కాకపోవచ్చు. మా డ్రగ్స్ రూల్స్ దీనికి నేరుగా ఎదురు. చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకు బదులు వేరే తయారీ ఇవ్వకూడదు. ఒకే మందు, ఒకే మోతాదు, పక్కపక్క అరల్లో, ధరలో మూడింతల తేడాతో ఉన్నా చీటీలో ఉన్నదే ఇవ్వాలి. కూలికి పోయే మనిషి డబ్బులు లెక్కపెట్టుకుంటూ సగం మాత్రలకే చాలించుకుంటుంటే, చవకైనది చెయ్యి చాపితే అందే అరలోనే ఉంటుంది. ఆ నిబంధన కల్తీని, కక్కుర్తిని ఆపడానికి పెట్టిందే అనుకుందాం. దాని ఖర్చు భరిస్తున్నది మాత్రం ఆ కూలిమనిషే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ధర కూడా కాదు, మాట. కొత్తగా దీర్ఘకాలపు మందు మొదలుపెట్టిన మనిషితో ఫార్మసిస్టు విడిగా కూర్చొని మాట్లాడే సేవ డెన్మార్క్ ఫార్మసీల్లో ఉంది. ఆస్తమా మనిషి ఇన్‌హేలర్ సరిగా పీలుస్తున్నాడో లేదో చూసే సేవ ఉంది. ఆ మాటకు ప్రభుత్వం డబ్బిస్తుంది. మా కొట్లో మాటకు ధర లేదు కాబట్టి మాట కూడా లేదు. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి" అని కవరు మీద రెండు గీతలు గీసి ఇవ్వడమే మేం చేసే కౌన్సెలింగ్.

ఇప్పుడు ఇస్లాండ్స్ బ్రుగ్గె సంగతి. మూడో రోజు మధ్యాహ్నపు ప్రసంగాలు ఎగ్గొట్టి అక్కడ దిగాను. ఆర్టిలెరివై 5. స్టేటెన్స్ సీరమ్ ఇన్‌స్టిట్యూట్. 1902లో డిఫ్తీరియా విరుగుడు సీరమ్ తయారీ కోసం పెట్టిన సంస్థ. ఎర్ర ఇటుకల పాత భవనాలు, వాటి పక్కన కొత్తవి, గేటు దగ్గర వరసగా సైకిళ్లు. లోపలికి పోవడానికి నాకు అనుమతి లేదు, నేను అడగనూ లేదు. గేటు దగ్గర నిలబడి చూడటానికే వచ్చాను. క్షయకు వేసే బీసీజీ టీకాలో డేనిష్ 1331 అనే రకం ఒకటుంది. అది ఈ సంస్థది. మద్రాసు గిండీలోని బీసీజీ ల్యాబులో తయారైన టీకా ఆ రకమే. మా ప్రాంతంలో నా వయసువాళ్ల ఎడమ భుజం మీది మచ్చల్లో చాలావాటి పుట్టిల్లు ఈ వీధి.

అయితే ఈ కథ టీకాతో మొదలు కాలేదు. ఎఫ్ఐపీ పుట్టిన 1912లోనే మదనపల్లెలో క్షయ రోగులకు ఒక ఆసుపత్రి మొదలైంది. కొన్ని మిషన్లు కలిసి పెట్టిన యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం. 1915 నుంచి అది ఊరి బయట ఆరోగ్యవరంలో ఉంది. దాని మొదటి సూపరింటెండెంట్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్, డెన్మార్క్ మిషనరీ డాక్టరు. అప్పటికి క్షయకు మందు లేదు. పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. మా వాతావరణమే అప్పటి మందు. ఆయన కొడుకు యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ కూడా ఇక్కడే పనిచేశాడు. అదే శానిటోరియం సూపరింటెండెంట్‌గా ఉన్న డాక్టర్ పి.వి.బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు.

మా అవ్వకు ఇవేవీ తెలియవు. ఆమెకు తెలిసింది ఒక్కటే, శానిటోరియం దారిన పోయేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాలని. ఇంట్లో ఎవరైనా రెండు రోజులు దగ్గితే "ఆరోగ్యవరం చీటీ రాయిస్తా ఉండు" అని బెదిరించేది.

1948లో దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. డెన్మార్క్ రెడ్‌క్రాస్, నార్వే, స్వీడన్ సంస్థలు, యునిసెఫ్ కలిసి నడిపిన అంతర్జాతీయ క్షయ ఉద్యమం అప్పుడు దేశదేశాల్లో పిల్లలకు టీకాలు వేయిస్తోంది. ఆనాటి టీకా ద్రవరూపంలో ఉండేది, చల్లగా ఉంచినా ఎక్కువ రోజులు నిలవ ఉండేది కాదు. కరెంటు లేని పల్లెలకు దాన్ని చల్లదనం పోకుండా చేర్చడమంటే ఏమిటో, ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ సీసాలు చూసుకునే నాకు కొంచెం తెలుసు. ఆ ఇన్సులిన్‌కూ ఈ నగరంతో చుట్టరికముంది. ఇక్కడి నోబెల్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1922లో టొరంటో పోయి ఇన్సులిన్ తయారీ తెలుసుకొని వచ్చాడు. తర్వాతి ఏడాదే నార్డిస్క్ ప్రయోగశాల లేచింది. దాన్ని నడిపిన హాగెడోర్న్ పేరులోని హెచ్ అక్షరమే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్‌లో ఉంది. నా ఫ్రిజ్‌లోని మిక్స్‌టార్డ్ సీసాలో ముప్పాతికకు కొంచెం తక్కువ ఆ ఎన్‌పీహెచ్చే.

టీకా అంత సులభంగా ఊళ్లోకి రాలేదు. రాజాజీ 1955లో దానికి వ్యతిరేకంగా పుస్తకమే వేశాడు. సామూహిక టీకా మీద ఆయన అనుమానాలు కొట్టిపారేయదగినవి కావు. జవాబు వాదనల్లో దొరికేది కాదు, ఊళ్లు తిరిగి లెక్క తీయాలి. ఆ లెక్క మా పల్లెల్లో తీశారు. యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ బృందం 1950 నుంచి 1955 వరకు మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లు తిరిగి జనానికి ట్యూబర్‌కులిన్ పరీక్షలు చేసింది, ఎక్స్‌రేలు తీసింది, ఎవరికి జబ్బు వచ్చిందో ఎవరికి రాలేదో రాసుకుంది. ఆ పెద్ద నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. ఒక పల్లెప్రాంతంలో క్షయ ఎట్లా పాకుతుందో ప్రపంచానికి వివరంగా చెప్పిన తొలి అధ్యయనాల్లో అది ఒకటి. బీసీజీ పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను అనుకున్నంతగా ఆపలేదని తర్వాత చెంగల్పట్టు పరిశోధన తేల్చింది. పసిపిల్లలను మెదడు క్షయ నుంచి కాపాడుతుంది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నాం. డెన్మార్క్ మాత్రం తన పిల్లలందరికీ వేయడం 1980ల్లోనే మానేసింది. అక్కడ జబ్బు తగ్గింది, ఇక్కడ తగ్గలేదు.

కోపెన్‌హేగన్ నుంచి మనం నేర్చుకున్నామని చెప్పుకుంటే అది సగం లెక్కే. కోపెన్‌హేగన్ టీకా ఏం చేస్తుందో ప్రపంచం తెలుసుకున్నది జబ్బలు చాపిన మా పల్లెజనం వల్ల కూడా. వాళ్ల పేర్లు ఏ బులెటిన్‌లోనూ లేవు. ఆ గేటు ముందు నిలబడ్డప్పుడు నాకు భక్తేమీ కలగలేదు. పాత బాకీల పుస్తకం తెరిస్తే రెండువైపులా అంకెలున్నాయనిపించింది, అంతే.

ఇంకో సంగతి మా మద్రాసు నుంచే వచ్చింది. 1956 నుంచి 1959 వరకు అక్కడి క్షయ చికిత్సా కేంద్రం రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇంట్లోనే ఉంచి మందులిచ్చి చూసింది. మందు సరిగ్గా వేసుకుంటే ఇంట్లో ఉన్నవాళ్లు కూడా అంతే బాగుపడ్డారు. దాంతో ప్రపంచమంతా శానిటోరియాల అవసరం తగ్గుతూ వచ్చింది. ఆరోగ్యవరంలో మంచాల మీద జరిగిన వైద్యం మాత్రల రూపంలో ఇళ్లకు దిగింది. మంచం పక్కన నర్సు చేసిన పనిలో కొంత మందిచ్చే చేతికి వచ్చిపడింది. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ తెలుసుకోలేదు.

ఆ పని చాలా చిన్నది. రిఫాంపిసిన్ మొదలుపెట్టిన మనిషికి మూత్రం ఎర్రగా, నారింజరంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే "నెత్తురు పోతాండాది సార్" అని భయపడి మాత్రలు మానేస్తాడు. మానేస్తే జబ్బు మొండికేస్తుంది, మామూలు మందులకు లొంగదు. ఒక్క వాక్యం చెబితే ఆరునెలల వైద్యం నిలబడుతుంది. 2014 నుంచి క్షయ మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలిచ్చామో హెచ్1 రిజిస్టరులో రాయాలి, మూడేళ్లు దాచాలి. 2018 నుంచి ఆ వివరాలు మందులకొట్లు కూడా ప్రభుత్వానికి తెలపాలి. చాలా కొట్లలో ఆ రిజిస్టరు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసిన రాత్రి ఒక్కసారిగా నిండుతుంది. నైజీరియా అమ్మాయి పోస్టరు ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ రిజిస్టరే. రోజూ నిజంగా రాసిన హెచ్1 పుస్తకం ఒకటుంటే, ఏ మహాసభకైనా పట్టుకుపోదగిన పని మన బల్ల మీదే ఉంటుంది.

ఆఖరి రాత్రి హోటలు గదిలో నల్లటి రై రొట్టె ముక్క మీద ఇంటినుంచి తెచ్చుకున్న ఊరుబిండి రాసుకొని తిన్నాను. డెన్మార్క్ వాళ్లకు చెప్పదగిన వంటకం. సర్టిఫికెట్, సంచి, కంపెనీలిచ్చిన పెన్నులు సర్దుకొని బయల్దేరాను. కొట్టు చూసుకున్న స్నేహితుడు నేను రాగానే అడిగింది ఫోటోల గురించే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారుల్లో మందులకొట్టు నడుపుతున్న తోటివాళ్లకు ఒక మాట. ఇట్లాంటి సభలకు పోండి, అప్పు చేసైనా ఒకసారి పోండి. అయితే చూడటానికి కాక చెప్పడానికి పోండి, దానికి ఈ రోజు నుంచే రిజిస్టరు రాయడం మొదలుపెట్టండి. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చి సిరప్ అడిగేవాళ్లను సీసా ఇచ్చి పంపకుండా కఫం పరీక్షకు పంపండి. క్షయ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది, అది నేరుగా రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ సంగతి తెలియని మనిషి మీ బల్ల ముందుకు వచ్చినప్పుడు చెప్పండి.